గెలిచేసిన సీటు

తైపింగ్‌లో ఊయ్ పెక్ హూన్‌ని సర్వేల హూన్ అంటేనే గుర్తుపడతారు. పెనాంగ్‌లో చాలా ఏళ్ళు విద్యార్థులకు గణాంకశాస్త్రం చెప్పి, విసుగొచ్చి, సొంత ఊరు చేరుకుంది. పెద్ద బజారులో ఒక చైనా మందుల కొట్టు మీది అంతస్తు అద్దెకు తీసుకుని, అరడజను ఫోన్లు పెట్టి, కాలేజీ చదువులైపోయిన అమ్మాయిల్ని కొందరిని కుర్చీల్లో కూర్చోబెట్టింది. పాలపొడి ఎవరు కొంటున్నారు, కొత్త బస్సులు జనానికి నచ్చాయా లేదా, మోటారుసైకిలు కొనేటప్పుడు ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, ఏడాది పొడుగునా ఇవే ఆవిడ ప్రశ్నలు. వాటి సంగతి ఎవరికీ పట్టలేదు. కిందటి ఎన్నికల్లో మాత్రం, అధికారంలో ఉన్న నావ గుర్తు కూటమికి తిరుగులేదని ఊరంతా అంటుంటే, బొటాబొటిగా బయటపడతారని ఆవిడ ఒక్కతే చెప్పింది. అలాగే జరిగింది. అప్పట్నుంచీ ఎన్నికల మాట ఎత్తేటప్పుడు ఆవిడ ముందు జనం గొంతు తగ్గించి, డాక్టరు దగ్గర పరీక్షల ఫలితం అడిగినట్టు అడగడం మొదలెట్టారు.

రాష్ట్ర శాసనసభ రద్దయి మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఎవరికీ జ్ఞాపకం లేనంత కాలంగా నావ కూటమిదే అధికారం. ఈసారి కొండ రాయి తవ్వుకునే గనుల గొడవ ఒకటి, నీళ్ళ బిల్లుల గొడవ ఒకటి కలిసి, ప్రతిపక్షంలోని దీపం గుర్తు కూటమికి కాస్త ఊపు తెచ్చాయి. తైపింగ్ పక్కనున్న తాసిక్ నియోజకవర్గంలో దీపం తరపున జలేహా నిలబడింది.

జలేహా, పెక్ హూన్ ఒకే బడిలో చదువుకున్నారు. బ్యాడ్మింటన్ జంటగా ఆడేవాళ్ళు. వల దగ్గర ఎగిరి కొట్టేది జలేహా, వెనక నిలబడి తప్పిపోయిన షటిల్ కాక్‌లన్నీ తీసేది పెక్ హూన్. తర్వాత జలేహా లెక్కల టీచరై, తాసిక్‌లో సగం మందికి ఎక్కాలు నేర్పి, ఉద్యోగం మానేసి రాజకీయాల్లోకి వచ్చింది. ఊళ్ళో ఇప్పటికీ అందరూ టీచరమ్మ అనే పిలుస్తారు. ఎదురుగా నావ తరపున నిలబడ్డది దాతో జైనుద్దీన్; దాతో అన్నది సుల్తాను ఇచ్చిన బిరుదు. మూడుసార్లు గెలిచినవాడు. నియోజకవర్గంలో ఆయన తినని పెళ్ళి భోజనం లేదు, మొయ్యని పాడె లేదు.

రాష్ట్ర రాజధాని ఇపో నుంచి వచ్చే పత్రికవాళ్ళు పెక్ హూన్ చేత రాష్ట్రమంతటికీ సర్వే చేయించారు. దీపం ముందుందని తేలింది. తేడా బాగానే ఉంది. కానీ ఫోన్ ఎత్తిన వాళ్ళలో చాలామంది "మాకేం తెలీదమ్మా" అని పెట్టేశారు. ఆ సంగతి, మొగ్గు ఏ వైపుకైనా మారొచ్చన్న సంగతి, రెండూ స్పష్టంగా రాసి పంపింది.

మర్నాడు పత్రిక చూస్తే, "శాసనసభ దీపానిదే" అని అరచెయ్యంత అక్షరాలు. లోపలి పేజీ నిండా రాష్ట్రం పటం. ఒక్కొక్క నియోజకవర్గానికీ ఒక్కో రంగు. తాసిక్ మీద దీపం రంగు పసుపుపచ్చ పులిమి, పక్కన "ఖాయం" అని వేశారు.

పెక్ హూన్ కాఫీ కప్పు పక్కన పెట్టి సంపాదకుడు తనబాలన్‌కి ఫోన్ చేసింది.

"తనబాలన్‌గారూ, ఆ పటం ఎక్కణ్ణుంచి తెచ్చారండీ? తాసిక్‌లో మేం మాట్లాడిందే గుప్పెడు మందితో. ఖాయమని నేనెక్కడ రాశాను?"

"మీ అంకెల్నే మావాళ్ళు సీట్లవారీగా పంచి రంగులేశారు మేడమ్. అంకెలు మీవేగా!"

"అంకెలు నావే. రంగులు కావు."

"జనం చూసేది రంగులే మేడమ్. ఏం చెయ్యమంటారు? రేపు ఒక వివరణ వేయిస్తాలెండి."

వివరణ వచ్చింది. మూడో పేజీలో, నీటి సరఫరా ఆపుతామన్న ప్రకటనకీ, తప్పిపోయిన చిలక కోసం ఇచ్చిన ప్రకటనకీ మధ్య. పెక్ హూన్ వాళ్ళమ్మ చిలక గురించి చదివి బాధపడింది గానీ వివరణ ఆవిడ కంట పడలేదు.

పటం మాత్రం అందరి కళ్ళా పడింది. రెండు రోజులు తిరక్కుండానే ఊరి వాలకం మారిపోయింది. టీ దుకాణాల్లో దీపం గెలుస్తుందా అనేవాళ్ళు లేరు, ఏ శాఖ ఎవరికిస్తారు అనేవాళ్ళే. పుట్టి బుద్ధెరిగాక దీపానికి ఓటెయ్యని పెద్దమనిషి ఒకాయన, ఆ పార్టీని పెట్టినవాడిలా మాట్లాడసాగాడు. కాంట్రాక్టర్లు ఇళ్ళ మీది నావ జెండాలు ఉతకడానికని దింపి మళ్ళీ ఎక్కించలేదు. ముఖ్యమంత్రి అవుతాడనుకున్న దీపం నాయకుడి ఇంటి ముందు కార్లు రోడ్డు మలుపు దాకా నిలబడ్డాయని, ఆయన ప్రమాణస్వీకారానికి కొత్త దుస్తులు కుట్టిస్తున్నాడని ఇపో నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. జలేహాని ఎప్పుడూ వరండాలో నిలబెట్టే పురపాలక ఉద్యోగి ఒకడు లేచి కుర్చీ వేశాడు. ఆ రోజు జలేహా ఇంటికెళ్ళి మొగుడు మన్సోర్‌తో అది చెప్పి, కడుపు పట్టుకుని నవ్వింది.

మూడు రోజులకి ఆ నవ్వు పోయింది. తాసిక్ ఎలాగూ గెలిచిన సీటే కదా అని, పార్టీ పెద్దలు ఆవిడ దగ్గరున్న వ్యాన్లనీ, కార్యకర్తల్నీ దక్షిణం వైపు అనుమానంగా ఉన్న సీట్లకి పంపేశారు. మిగిలింది మన్సోర్ పాత వ్యాను, దాని మీద దగ్గుతూ పలికే మైకు, ఒక నలుగురు.

జలేహా కబురు పెడితే, పెక్ హూన్ రైల్వే స్టేషను దగ్గర తమిళ ముస్లింలు నడిపే మమక్ హోటలుకి వెళ్ళింది. బయట రోజూ కురిసే వాన కురుస్తూనే ఉంది. జలేహా ముందు రోటీ చెనాయ్ చల్లారిపోయి ఉంది.

"నా సీటు ఖాయమని నీకెవరు చెప్పారే?" అంది కూర్చోనివ్వకుండానే.

"నేననలేదు. పేపరువాళ్ళు రంగేశారు."

"నీ పేరు చెప్పే వేశారుగా! మా ఆఫీసుకి ఫోన్ చేసి మనుషుల్ని పంపండర్రా అంటే, టీచరమ్మా, మీరు గెలిచేశారు, హాయిగా పడుకోండి అంటున్నారు. గడప గడపకీ వెళ్తే, మీదేలెండి మేడమ్, మా ఇంటికి కూడా రావాలా అని తలుపేసుకుంటున్నారు. గెలిచానంటూనే నన్ను గెంటేస్తున్నారే హూన్!"

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్?"

"ఇంకో సర్వే చెయ్యి. తేడా తగ్గిందని చెప్పు. కొంచెమే. మావాళ్ళకి కాస్త చెమట పడితే చాలు."

"చేస్తా. తాసిక్‌లోనే చేస్తా, ఈసారి చాలినంత మందితో. తగ్గితే తగ్గిందని రాస్తా."

"తగ్గకపోతే?"

పెక్ హూన్ టీ గ్లాసు అంచున నురగ వేలితో తుడిచింది. జలేహా చల్లారిన రొట్టె చించి పులుసులో ముంచింది, తినకుండా అక్కడే వదిలేసింది.

రెండో సర్వే పత్రిక అడగందే చేసింది. అమ్మాయిలు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తాసిక్ ఇళ్ళకి ఫోన్లు చేశారు. పెక్ హూన్ పక్కన కూర్చుని కొన్ని వింది. ఒక మగమనిషి, ఎవరికి ఓటేస్తారని అడిగితే, "పేపర్లో ఎవరు గెలుస్తారని వేశారమ్మాయ్?" అన్నాడు. దీపం అని వేశారండీ అంది అమ్మాయి, చెప్పకూడదని మర్చిపోయి. "ఆఁ, వాళ్ళకే రాసుకో" అన్నాడాయన. పెక్ హూన్ ఆ కాగితం తీసి పక్కన పడేసింది గానీ, పేపరు చూసి అలా మొగ్గినవాళ్ళు ఇంకెందరున్నారో ఎలా ఏరగలదు?

లెక్క తేలింది. జలేహా ఆధిక్యం తగ్గలేదు సరికదా, పెరిగింది. అదే సర్వేలో ఇంకో ప్రశ్న ఉంది: మీరు తప్పకుండా ఓటుకి వెళ్తారా? నావ వాళ్ళు ఎప్పటిలాగే వెళ్తామన్నారు. దీపం వాళ్ళలో "చూద్దాం", "వీలుంటే" అన్న మాటలు ఎక్కువయ్యాయి. తాసిక్‌లో ఓటుండి కౌలాలంపూర్‌లోనో సింగపూర్‌లోనో పనిచేసుకునేవాళ్ళు ప్రతి ఎన్నికకీ బస్సులు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఈసారి వాళ్ళ తల్లిదండ్రులే "ఎందుకు రావడం, ఎలాగూ గెలుస్తోందిగా" అంటున్నారు.

పెక్ హూన్ తమ్ముడు బూన్ టెక్ సింగపూర్‌లో ఉంటాడు. వాడికి ఫోన్ చేసింది.

"ఎప్పుడు బయల్దేరుతున్నావురా?"

"ఈసారి రావట్లేదక్కా. సరిహద్దు వంతెన దాటేసరికే సగం రోజు పోతుంది. అయినా గెలిచేశారని నువ్వే చెప్పావుగా."

"నేను చెప్పలేదురా!"

"పేపర్లో నీ ఫోటో కూడా వేశారక్కా. బావున్నావ్."

అచ్చుకి పంపేముందు పెక్ హూన్ జలేహాకి ఫోన్‌లో విషయం చెప్పింది. అటువైపు మన్సోర్ మైకు దగ్గుతోంది.

"దాచెయ్యవే," అంది జలేహా.

"రేపు నావ ముందుందని తేలితే? అప్పుడూ దాచమంటావా?"

"అప్పుడూ దాచమనే అంటా! నేను అభ్యర్థినే, నాకు సిగ్గేంటి?"

పెక్ హూన్‌కి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "జలేహా, ఒకటి దాచానంటే, ఆ తర్వాత నేను చెప్పే ప్రతి అంకె వెనకా ఎవరున్నారా అని వెతుకుతారు. దాచను. కానీ జనం ఓటుకి కదలట్లేదన్న ముక్కే ముందు వేయిస్తా. అది చదివితే మీవాళ్ళకి చెమట పట్టాలి."

"చదివితేనా? పేపరెవడు చదువుతాడే, చూస్తారు గానీ. సరే, నీ పేరు నిలబడనీ. నా సీటు సంగతి దేవుడు చూసుకుంటాడు." ఫోన్ పెట్టేసింది.

తనబాలన్ ఒట్టేసినంత పని చేశాడు. "మీరు చెప్పిందే ముందు పెడతా మేడమ్." పెట్టాడు కూడా. పైన పెద్ద అక్షరాల్లో "తాసిక్‌లో టీచరమ్మ దూకుడు", దాని కింద కళ్ళజోడు పెట్టుకుంటే కనబడేలా "పోలింగుకి వస్తారా అన్నదే ప్రశ్న". అడిగితే, "రెండూ ముందే ఉన్నాయి కదా మేడమ్" అన్నాడు.

ఆ పేజీని దీపం వాళ్ళు ఆఫీసు గోడకి అంటించుకున్నారు. దాతో జైనుద్దీన్ ఇంకో పని చేశాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, కారు దిగి, నడిచి, ముసలివాళ్ళున్న ఇంటింటికీ వెళ్ళాడు. మెట్ల మీద చెప్పులు విడిచి, మడతలు విప్పి చూపించాడు.

"చూడమ్మా, నా పనైపోయిందట. అందరూ అనేస్తున్నారు. గెలిపించమని అడగను. మరీ పరువు పోకుండా, మీ ఇంట్లో ఓట్లు మాత్రం నాకు పడెయ్యండి. మీ ఆయన పోయినప్పుడు మూడు రోజులూ ఇక్కడే ఉన్నాను, గుర్తుందా?"

ముసలమ్మలు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. కొడుకుల్ని కేకేసి, ఆ రోజు ఎవరి కారు వస్తుందో, ఎవరు ఎవర్ని ఎక్కించుకోవాలో అప్పటికప్పుడే తేల్చారు. ఓడిపోతున్నామన్న భయంతో నావ కార్యకర్తలు పొద్దెక్కక ముందే లేచి తిరిగారు.

పోలింగు రోజు పొద్దుట ఎండ బాగానే కాసింది. పెక్ హూన్ వాళ్ళమ్మని తీసుకుని బడికి వెళ్ళింది. వాళ్ళ ఇల్లు తాసిక్ సరిహద్దు లోపలే కాబట్టి ఓటు అక్కడే. పెద్దవాళ్ళ వరుస మెలికలు తిరిగి గేటు దాకా వచ్చింది. నావ స్టిక్కర్లున్న వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి ఆగి, చేతికర్రల్నీ, చక్రాల కుర్చీల్నీ దించుతున్నాయి. పడుచువాళ్ళ వరుస పొట్టిగా ఉంది. అందులో నిలబడ్డవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు.

నిబంధన ప్రకారం గేటుకి దూరంగా, గొడుగు కింద జలేహా నిలబడి ఉంది. ఎన్నికల మాటేమీ ఎత్తకుండా పెక్ హూన్ తల్లికి వంగి నమస్కారం చేసి, "తమ్ముడేడీ?" అంది.

"రాలేదు," అంది పెక్ హూన్.

"ఏం?"

"నువ్వు గెలుస్తావట."

జలేహా గొడుగు రెండో చేతికి మార్చుకుని, లోపలికి వెళ్తున్న ఇంకొకరికి నమస్కారం చేసింది.

మధ్యాహ్నం వాన మొదలైంది. అది సాయంత్రం దాకా ఆగకపోయేసరికి దీపం వాళ్ళలో "భోజనం చేసి వెళ్దాం" అనుకున్నవాళ్ళు చాలామంది ఇంట్లోనే ఉండిపోయారు. తైపింగ్ వానకి వాళ్ళు కొత్తవాళ్ళేం కాదు. గెలవాలన్న పట్టుదలుంటే అదే వానలో తడిసి వెళ్ళేవాళ్ళు. వెళ్ళకపోయినా పర్లేదనుకున్నవాళ్ళకి అదొక సాకు దొరికింది.

రెండు బస్సుల్లో ఎక్కించగలిగినంత మంది ఓట్ల తేడాతో జలేహా ఓడిపోయింది. అక్కడితో అయిపోతే ఊరి విషయంగానే ఉండేది. లెక్కంతా ముగిసేసరికి శాసనసభలో నావకి దీపం కన్నా ఒక్క సీటే ఎక్కువ వచ్చింది. తాసిక్ ఇటు పడి ఉంటే ప్రభుత్వం మారేది. రాష్ట్రంలో అప్పటిదాకా తాసిక్ ఎక్కడుందో తెలియనివాళ్ళు కూడా ఆ పేరు పలికారు. ఇపోలో దీపం నాయకుడి ఇంటి ముందు కార్లు మర్నాటికి ఒక్కటీ లేవు. కాంట్రాక్టర్ల ఇళ్ళ మీదికి నావ జెండాలు తిరిగొచ్చాయి, ఉతికి, ఇస్త్రీ చేసి.

తిట్లన్నీ పెక్ హూన్‌కి తగిలాయి. నావ దగ్గర డబ్బు తిని దీపం వాళ్ళని జోకొట్టిందని దీపం వాళ్ళు అన్నారు. సర్వేలన్నీ అబద్ధాలేనని రేడియోలో ఒకడు రోజూ పొద్దున్నే నవ్వించాడు. చేపల బజారులో ఒకావిడ, "మీరు ఈ చేప తాజాదంటే నేను కొననండీ" అంది అందరి ముందూ. దాతో జైనుద్దీన్ మాత్రం కృతజ్ఞతలతో పెద్ద పళ్ళ బుట్ట పంపించాడు. పెక్ హూన్ దాన్ని తిప్పి పంపేలోగా వాళ్ళమ్మ నారింజలు ఒలిచేసింది. "పండ్లేం పాపం చేశాయే?" అంది. చివరికి నారింజలు లేని బుట్ట వెనక్కి వెళ్ళింది.

సర్వే ఎందుకు తప్పిందో రాయమని తనబాలన్ అడిగాడు. ఆవిడ రాసింది. అడిగిన రోజున జనం మనసులో ఉన్నది సర్వే సరిగానే పట్టిందనీ, దాన్ని ఫలితంగా అచ్చు వేశాక ఆ మనసే మారిందనీ, సీట్ల పటం వేయకుండా ఉండాల్సిందనీ. పటం సంగతి తీసేసి మిగతాది వేశారు. ఇకపై సీట్ల పటాలు వేయబోమని పత్రిక రాసిస్తేనే సర్వే చేస్తానంది ఆవిడ. పత్రిక కౌలాలంపూర్ వాళ్ళెవరినో పెట్టుకుంది. పెక్ హూన్ అమ్మాయిలు మళ్ళీ పాలపొడి గురించి ఫోన్లు చేయడంలో పడ్డారు.

అయినా అలవాటు చొప్పున ఎన్నికల తర్వాత చేసే సర్వే ఒకటి మానలేదు. తాసిక్‌లో మీరు ఎవరికి ఓటేశారని అడిగించింది. ఆ ఫలితం చూసి, కారు తాళాలు తీసుకుని జలేహా ఇంటికి వెళ్ళింది. పోలింగు తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. మన్సోర్ తలుపు తీసి పక్కకి జరిగాడు. జలేహా వరండాలో ట్యూషను పిల్లల కోసం నల్లబల్ల తుడుస్తోంది.

"ఏం, ఇక్కడ కూడా సర్వేనా?" అంది వెనక్కి తిరక్కుండా.

"తాసిక్‌లో మళ్ళీ అడిగాం. జైనుద్దీన్‌కి ఓటేశామన్నవాళ్ళు, ఊరి మొత్తానికి లెక్కేస్తే, ఆయనకి పడ్డ ఓట్ల కన్నా చాలా ఎక్కువ మంది తేలారు. ఇప్పుడు అందరూ ఆయనకే వేశామంటున్నారు."

జలేహా చేతిలో గుడ్డతో సహా తిరిగింది. "మరి నాకెవరేశారే?"

"ఈ లెక్కన నువ్వూ, మన్సోరూ."

"మన్సోర్ సంగతి నాకు అనుమానమే," అంది జలేహా. లోపల్నుంచి మన్సోర్ "వేశాను!" అని అరిచాడు. ఇద్దరూ నవ్వారు. ముందు జలేహా నవ్వు ఆగింది. కుర్చీలో కూర్చుని, సుద్ద అంటిన వేళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"నిజం చెప్పు. ఆ రెండోది దాచుంటే గెలిచేదాన్నా?"

"తెలీదు."

"ఎంతోకొంత తెలిసుంటుందిగా. రాష్ట్రం మొత్తానికి చెప్పేదానివి!"

"జరిగినదాన్ని అడిగి కొలవగలను జలేహా. జరగనిదాన్ని అడగడానికి నాకు మనుషుల్లేరు. జైనుద్దీన్ ఆ పేపరు పట్టుకుని తిరిగాడు. అది లేకపోతే ఇంకేదో పట్టుకునేవాడేమో. వాన రాకపోతే... నాకు తెలీదే. చాలాసార్లు ఆలోచించాను. రోజూ ఆలోచిస్తున్నాను."

జలేహా చేతిలో గుడ్డ దులిపింది. "నీ మీద కోపం పోలేదు," అంది.

"పోవాలని రాలేదు."

"మరెందుకొచ్చావ్?"

"ఇదెవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలో తెలియలేదు."

ట్యూషను పిల్లలు సైకిళ్ళు గోడకి ఆనించి లోపలికి వస్తున్నారు. జలేహా లేచి బల్ల మీద ఆనాటి లెక్క రాయడం మొదలెట్టింది. రాస్తూనే, "వంటింట్లో అన్నం ఉంది, ఎండు చేపల కూర ఉంది. పెట్టుకుని తిను. పాఠం అయ్యేదాకా ఉంటానంటే ఉండు," అంది.

పెక్ హూన్ చెప్పులు వరండాలో వదిలి వంటింట్లోకి వెళ్ళింది. మన్సోర్ పళ్ళెం తీసిచ్చి, గొంతు తగ్గించి, "నిజంగానే వేశానండీ," అన్నాడు.